ఆర్‌ను మీ కంప్యూటర్‌లో అమర్చుకోవడం: కంటికి నచ్చేలా, లెక్క మారకుండా

గణాంకాల లెక్కలకు వాడే కంప్యూటర్ భాష ఆర్. దాన్ని నేర్చుకోవాలని కూర్చున్న మొదటి సాయంత్రం సగటు కట్టడానికి పది సెకన్లు చాలు. అక్కడిదాకా రావడానికే సాయంత్రమంతా పోతుంది. ఒకరికి ప్యాకేజీ, అంటే ఆర్‌కు కొత్త పనులు నేర్పే తోడు మూట, ఎక్కదు. ఒకరికి గ్రాఫు మీద తెలుగు అక్షరాలు ఖాళీ పెట్టెలుగా కనిపిస్తాయి. ఇంకొకరికి అంతా సవ్యంగానే నడిచి, ఆరు నెలల తర్వాత అదే లెక్క మళ్లీ చేస్తే వేరే జవాబు వస్తుంది. మొదటి రెండూ చికాకులు, మూడోది ప్రమాదం. అందుకే అమరికకు సంబంధించి నేను పాటించే నియమం ముందే చెబుతాను. కంటికి, వేళ్లకు సంబంధించినవి ఎన్నైనా మార్చుకోండి. జవాబును ప్రభావితం చేసే దేన్నీ మాత్రం సెట్టింగుల్లో దాచకండి, స్క్రిప్టులోనే, అంటే కమాండ్లను వరుసగా రాసుకునే ఫైలులోనే, రాయండి. ఈ రెండింటి మధ్య గీత అనుకున్నంత స్పష్టంగా ఉండదు. అది ఎక్కడ పడుతుందో దారి పొడవునా చూద్దాం.

ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లను, మెనూల పేర్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే కొట్టాలి. ‘డాట్’ అన్నచోట చుక్క పెట్టాలి. ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కమాండు) పేరు తర్వాత గుండ్రటి బ్రాకెట్లు తప్పనిసరి, లోపల ఏమీ లేకపోయినా సరే. ఆర్‌కు ఆంగ్లంలోని పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరు. ఇది మరిచిపోతే మొదటి గంటలోనే అరడజను ఎర్ర సందేశాలు వస్తాయి.

ఆర్ వేరు, ఆర్‌స్టూడియో వేరు

కొత్తవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఆర్ అనేది లెక్క కట్టే గుమాస్తా. ఆర్‌స్టూడియో ఆ గుమాస్తా కూర్చునే గది: బల్ల, దీపం, కాగితాల అర. గది లేకపోయినా గుమాస్తా పని చేయగలడు. గుమాస్తా లేని గదిలో ఏ పనీ జరగదు. అందువల్ల ముందు ఆర్, తర్వాతే ఆర్‌స్టూడియో.

గుమాస్తా వంశం పాతదే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు ఎస్ అనే గణాంక భాషను మొదలుపెట్టారు. 1990ల ఆరంభంలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దాని పోకడలోనే కొత్త భాష తయారుచేశారు. ఇద్దరి పేర్లూ ఆంగ్లంలో ఆర్‌తో మొదలవుతాయి, పైగా ఆ వర్ణమాలలో ఎస్‌కు ముందుండేది ఆర్. పేరు అలా కుదిరింది. 1995లో దాన్ని అందరూ స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సు కింద విడుదల చేశారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఆర్‌స్టూడియో 2011లో వచ్చింది. దాన్ని తయారుచేసే సంస్థ 2022లో పేరును పోజిట్‌గా మార్చుకుంది. కాబట్టి డౌన్‌లోడ్ కోసం వెళ్లి పోజిట్ అనే పేరు చూస్తే దారి తప్పామని కంగారు పడకండి. ఆర్‌స్టూడియో డెస్క్‌టాప్‌కు ఉచిత కూర్పు ఉంది, మనకు అది సరిపోతుంది.

ఆర్‌ను ఎక్కించడం

ఆర్‌నూ, దాని ప్యాకేజీలనూ భద్రపరిచే అధికారిక భాండాగారం పేరు క్రాన్. దాని మొదటి పేజీలోనే విండోస్, మ్యాక్, లినక్స్ అని మూడు దారులు కనిపిస్తాయి.

విండోస్ వాళ్లు ‘బేస్’ అన్న లంకెకు వెళ్లి ఇన్‌స్టాలర్ దించుకుని, అది అడిగే ప్రతిదానికీ ‘నెక్స్ట్’ కొడితే చాలు. ఇక్కడ మార్చవలసిందేమీ లేదు. 4.2.0 నుంచి ఆర్ 64 బిట్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, పాత 32 బిట్ కంప్యూటర్ ఉంటే ముందే చూసుకోండి. అదే 4.2.0 ఇంకో మేలు కూడా చేసింది: కొత్త విండోస్‌లో అన్ని భాషల లిపులూ పట్టే యూటీఎఫ్-8ను తన సొంత ఎన్‌కోడింగ్‌గా (అక్షరాలను దాచే పద్ధతిగా) చేసుకుంది. తెలుగు డేటాతో పనిచేసే మనకు ఇది పండగ. అంతకు ముందు విండోస్‌లో తెలుగు పేర్లున్న పట్టికను తెరపై చూస్తే కోణపు గుర్తుల మధ్య ఏవో సంకేతాలు వరుసగా కనిపించేవి.

మ్యాక్ వాళ్లు ముందు ‘అబౌట్ దిస్ మ్యాక్’ తెరిచి లోపల ఉన్న చిప్ ఏదో చూసుకోవాలి. ఆపిల్ సొంత చిప్ అయితే ‘ఆర్మ్64’ అని ఉన్న ఇన్‌స్టాలర్, ఇంటెల్ అయితే రెండోది. పొరపాటున ఇంటెల్ కూర్పును ఆపిల్ చిప్ మీద వేసినా అనువాద పొర సాయంతో నడిచే అవకాశం ఉంది. అందుకే చాలామందికి ఆ పొరపాటు తెలియదు, వేగం మాత్రం తగ్గుతుంది.

లినక్స్ వాళ్లకు ఒక హెచ్చరిక. ఉబుంటు వంటి వాటి సొంత భాండాగారంలో ఉండే ఆర్ తరచుగా పాతదై ఉంటుంది. క్రాన్ సూచించిన భాండాగారాన్ని కలుపుకుని అక్కడి నుంచి వేసుకోవడం మంచిది. ఇంకో సంగతి, క్రాన్ లినక్స్‌కు ప్యాకేజీలను మూల కోడ్ రూపంలోనే ఇస్తుంది. ప్రతిదాన్నీ మీ కంప్యూటర్ కంపైల్ చేసుకోవాలి, అంటే తాను నడపగల రూపంలోకి మార్చుకోవాలి, పెద్ద ప్యాకేజీ అయితే చాలా సేపు పడుతుంది. పోజిట్ నడిపే పబ్లిక్ ప్యాకేజ్ మేనేజర్ చాలా లినక్స్ కూర్పులకు సిద్ధంగా కంపైల్ చేసిన ప్యాకేజీలను ఇస్తుంది. దాన్ని అమర్చుకుంటే గంట పని నిమిషాల్లోకి వస్తుంది.

ఆర్ ఎక్కాక ఆర్‌స్టూడియో వేసి తెరవండి. ఎడమవైపు కన్సోల్‌లో (కమాండ్లు కొట్టే అరలో) ఆర్ వెర్షన్ సంఖ్యతో స్వాగత సందేశం కనిపిస్తే గుమాస్తా గదిలోకి వచ్చినట్టే. 2 + 2 కొట్టి ఎంటర్ నొక్కండి. జవాబు ముందు చదరపు బ్రాకెట్లలో 1 కనిపిస్తుంది. అది జవాబులో భాగం కాదు, ఆ వరుసలో మొదటి విలువ ఎన్నోదో చెప్పే గుర్తు. తర్వాత ‘ప్లాట్’ ఫంక్షన్‌కు ‘ఎమ్‌టీకార్స్’ ఇచ్చి చూడండి. ఇది ఆర్‌తో పాటే వచ్చే పట్టిక, 32 కార్ల వివరాలు 11 నిలువు వరుసల్లో ఉంటాయి. కుడివైపు కింది అరలో చుక్కల గ్రాఫులు గళ్లు గళ్లుగా కనిపిస్తే బొమ్మలు గీసే భాగం కూడా సవ్యంగా ఉన్నట్టే.

అన్నిటికన్నా ముందు మార్చవలసిన సెట్టింగ్

రంగులు, అక్షరాల సంగతి తర్వాత. ముందు ‘టూల్స్’ మెనూలో ‘గ్లోబల్ ఆప్షన్స్’ తెరిచి ‘జనరల్’ చూడండి. అక్కడ, మెమరీలో ఉన్నవాటిని ఆర్ దాచే ‘డాట్ ఆర్‌డేటా’ అనే ఫైలు గురించి రెండు మాటలుంటాయి. మొదలవగానే దాన్ని తిరిగి తెరవాలా అన్నదానికి ఉన్న టిక్ తీసేయండి. మూసేటప్పుడు దాచాలా అన్నదానికి ‘నెవర్’ ఎంచుకోండి.

ఇంత పట్టుదల ఎందుకో నా అనుభవం చెబితే అర్థమవుతుంది. ఒకసారి మార్కుల పట్టికతో పనిచేస్తూ, పరీక్షకు రానివాళ్లను తీసేసే వరుస ఒకటి స్క్రిప్టులో రాశాను. తర్వాత స్క్రిప్టును శుభ్రం చేస్తూ ఆ వరుసను పొరపాటున చెరిపేశాను. అయినా నా కంప్యూటర్‌లో సగటు మారలేదు. ఎందుకంటే వడపోసిన పాత పట్టిక అదే పేరుతో ‘డాట్ ఆర్‌డేటా’లో దాగి, ఆర్‌స్టూడియో తెరిచిన ప్రతిసారీ నిశ్శబ్దంగా మెమరీలోకి వస్తోంది. మూడు వారాల తర్వాత అదే స్క్రిప్టును తోటివారు తమ కంప్యూటర్‌లో నడిపితే సగటు తక్కువ వచ్చింది. రాని వాళ్ల సున్నాలన్నీ అందులో కలిశాయి. తప్పు ఆయనదని వాదించడానికి సిద్ధమై కూర్చున్నాను కూడా. తీరా చూస్తే ఆయన కంప్యూటర్ నా స్క్రిప్టు చెప్పింది చెప్పినట్టు చేసింది. నాది చెప్పనిది కూడా చేసింది.

గుమాస్తా రోజూ ఖాళీ బల్లతో పని మొదలుపెట్టాలి. నిన్నటి చిత్తుకాగితాలు ఇవాళ్టి లెక్కలోకి రాకూడదు. పట్టిక తయారు కావడానికి నిజంగానే చాలాసేపు పడితే, స్క్రిప్టులోనే ‘సేవ్‌ఆర్‌డీఎస్’తో పేరు పెట్టి దాచి, ‘రీడ్‌ఆర్‌డీఎస్’తో పిలుచుకోండి. అప్పుడు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాళ్లందరికీ కనిపిస్తుంది.

చాలా పాఠాల్లో స్క్రిప్టు మొదటి వరుసగా, మెమరీలోని వస్తువులన్నీ తుడిచేసే ‘ఆర్‌ఎమ్’ కమాండు కనిపిస్తుంది. దాన్ని నేను వాడను. అది వస్తువులను తుడుస్తుంది కానీ తెరిచి ఉన్న ప్యాకేజీలనూ, మారిన ఆప్షన్లనూ ముట్టుకోదు. అంటే బల్ల మీది కాగితాలు తీసి, గుమాస్తా చెవిలో ఊదిన మాటలను అలాగే వదిలేసినట్టు. సరైన మందు ‘సెషన్’ మెనూలోని ‘రీస్టార్ట్ ఆర్’. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే అదే పని జరుగుతుంది. వేళ్లకు ఇది అలవాటైపోవాలి.

ప్యాకేజీలు

ఎక్కించే ఫంక్షన్ ‘ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్’, తెరిచే ఫంక్షన్ ‘లైబ్రరీ’. మొదటిది పుస్తకం తెచ్చి అరలో పెట్టడం, రెండోది దాన్ని తీసి బల్ల మీద తెరవడం. మొదటిది కంప్యూటర్‌కు ఒకసారి చాలు, రెండోది ప్రతి సెషన్‌లోనూ, అంటే ఆర్‌ను మొదలుపెట్టిన ప్రతిసారీ, చేయాలి. ఎక్కించే కమాండును స్క్రిప్టులో ఉంచకండి. ఇంకొకరి కంప్యూటర్‌లో వారి అనుమతి లేకుండా ప్యాకేజీలు మార్చడం మర్యాద కాదు. ఎక్కించేటప్పుడు పేరుకు కొటేషన్ గుర్తులు ఉండాలి, ‘లైబ్రరీ’కి లేకపోయినా పర్వాలేదు. ఎందుకలా అని అడగకండి, ఈ భాషకు అలాంటి అలకలు కొన్ని ఉన్నాయి.

మొదట్లో నేను సిఫారసు చేసేవి నాలుగే: పట్టికలకూ గ్రాఫులకూ ‘టైడీవర్స్’, ఫైళ్ల దారులకు ‘హియర్’, అమరిక పనులకు ‘యూజ్‌దిస్’, వెర్షన్లను కట్టడి చేయడానికి ‘ఆర్‌ఎన్వ్’. టైడీవర్స్ నిజానికి ఒక గుంపు, దానితో పాటు డజన్ల కొద్దీ ప్యాకేజీలు దిగుతాయి. కన్సోల్‌లో అక్షరాలు వరదలా పోతుంటే ఏదో తప్పు జరిగిందనుకోకండి.

ఎక్కించేటప్పుడు ఆర్ మధ్యలో ప్రశ్నలు వేస్తుంది. సొంత లైబ్రరీ ఫోల్డర్ తయారు చేయమంటావా అంటే సరేననండి. దీనికోసం ఆర్‌స్టూడియోను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవవద్దు. అలా ఒకసారి చేస్తే ఆ తర్వాత ఫోల్డర్ అనుమతుల గొడవ చాలాకాలం వెంటాడుతుంది. ఫలానా ప్యాకేజీ కొత్త కూర్పు మూల కోడ్ రూపంలోనే ఉంది, కంపైల్ చేయనా అని అడిగితే, ప్రత్యేక అవసరం లేనప్పుడు వద్దనండి. సిద్ధంగా ఉన్న కాస్త పాత కూర్పు దిగుతుంది, కొన్ని రోజుల్లో కొత్తది కూడా సిద్ధమవుతుంది.

కంపైల్ తప్పనిసరి అయితే విండోస్‌లో ‘ఆర్‌టూల్స్’ అనే పనిముట్ల పెట్టె విడిగా వేసుకోవాలి. దాని సంఖ్య మీ ఆర్ సంఖ్యతో జోడు కుదరాలి: ఆర్ 4.4కు ఆర్‌టూల్స్ 44, ఆర్ 4.5కు ఆర్‌టూల్స్ 45. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ ఆ పని చేస్తాయి. లినక్స్‌లో లోపమంతా సాధారణంగా ఆర్ బయట, సిస్టమ్ లైబ్రరీల్లో ఉంటుంది. ఎర్ర సందేశాల గుట్టలో చివరి వరుసను కాకుండా, మొదటగా దోషం కనిపించిన వరుసను చదవండి. ఏ లైబ్రరీ లేదో పేరుతో సహా అక్కడే ఉంటుంది.

విండోస్‌లో తరచుగా వచ్చే మరో చిక్కు: తెరిచి ఉన్న ప్యాకేజీని నవీకరించబోతే, దాని ఫైలు వాడుకలో ఉన్నందున పని సగంలో ఆగుతుంది. లైబ్రరీ ఫోల్డర్‌లో రెండు సున్నాలు, ‘లాక్’ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్ మిగిలిపోయి, ఆ తర్వాత ఏదీ ఎక్కనివ్వదు. ఆర్‌ను మూసి, ఆ ఫోల్డర్‌ను చెరిపి, మళ్లీ తెరిచి, ఇంకేదీ తెరవకముందే ప్యాకేజీ ఎక్కించండి. లైబ్రరీ ఎక్కడుందో ‘డాట్ లిబ్‌పాత్స్’ చెబుతుంది.

ఇక కంటికీ వేళ్లకూ

ఇక్కడ నియమాలు లేవు, మీ ఇష్టం. ‘గ్లోబల్ ఆప్షన్స్’లోని ‘అప్పియరెన్స్’లో రంగుల నమూనాలు ఉంటాయి. ఒక్కోదాన్ని నొక్కుతూ పోతే పక్కనే మచ్చు కనిపిస్తుంది. అక్షరాలు ఒకే వెడల్పు ఉన్న ఫాంటునే ఎంచుకోండి, లేకపోతే వరుసల పొందిక చెదిరిపోతుంది. పరిమాణం మీకు చాలుననిపించిన దానికన్నా ఒక అంకె ఎక్కువ పెట్టుకోండి, రాత్రి పదకొండు గంటలకు నా మాట నిజమనిపిస్తుంది.

‘పేన్ లేఅవుట్’లో నాలుగు అరల స్థానాలు మార్చవచ్చు. మామూలుగా స్క్రిప్టు పైన, కన్సోల్ దాని కింద ఉంటాయి. నేను కన్సోల్‌ను కుడివైపుకు మార్చుకున్నాను. స్క్రిప్టు నిలువుగా పొడుగ్గా కనిపిస్తుంది, జవాబు పక్కనే వస్తుంది. వెడల్పు తెర ఉన్నవాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడండి.

‘కోడ్’ విభాగంలో మూడు మార్పులు చేసుకోండి. బ్రాకెట్ల జతలకు వేర్వేరు రంగులు వేసే ‘రెయిన్‌బో పేరెంథసీస్’ పెట్టుకోండి. ఒకదానిలో ఒకటిగా నాలుగు బ్రాకెట్లు మూసేచోట దీని విలువ తెలుస్తుంది. ‘యూజ్ నేటివ్ పైప్ ఆపరేటర్’ అన్నదానికి టిక్ పెట్టండి. పైప్ అంటే ఒక ఫంక్షన్ జవాబును తర్వాతి ఫంక్షన్‌కు అందించే గుర్తు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ నొక్కితే |> వస్తుంది. ఇది 2021లో వచ్చిన 4.1.0 నుంచి భాషలోనే ఉంది, ఏ ప్యాకేజీ అక్కరలేదు. మూడోది, ‘సేవింగ్’ ట్యాబులో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసి పెట్టుకోండి.

వేళ్లకు మొదటి వారంలో నాలుగు షార్ట్‌కట్లు చాలు. కంట్రోల్, ఎంటర్ కలిపి కొడితే కర్సర్ ఉన్న వరుస నడుస్తుంది. ఆల్ట్, మైనస్ కలిపితే విలువను పేరుకు అప్పగించే <- గుర్తు, రెండువైపులా ఖాళీతో సహా పడుతుంది. పైన చెప్పిన పైప్ ఒకటి, ఆర్‌ను తిరిగి మొదలుపెట్టేది ఒకటి. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్ వాడాలి. ఆర్‌ను తిరిగి మొదలుపెట్టడానికి మాత్రం అక్కడ కమాండ్, షిఫ్ట్, 0 నొక్కాలి. మిగతావి గుర్తులేనప్పుడు కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కితే వెతుకుడు పెట్టె తెరుచుకుంటుంది. కావలసిన పని పేరులో రెండు అక్షరాలు కొడితే చాలు, మెనూల్లో తిరిగే పని తప్పుతుంది.

గ్రాఫుల మీద తెలుగు

పట్టికల్లో తెలుగు బాగా కనిపించి, గ్రాఫులో మాత్రం ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిపోతే లోపం డేటాలో లేదు. బొమ్మ గీసే పరికరానికి మన లిపి కూర్పు తెలియదు. ‘ర్యాగ్’ అనే ప్యాకేజీ ఎక్కించండి. తర్వాత ‘గ్లోబల్ ఆప్షన్స్’లో ‘జనరల్’ కింద ‘గ్రాఫిక్స్’ ట్యాబు తెరిచి, ‘బ్యాకెండ్’ దగ్గర ‘ఏజీజీ’ ఎంచుకోండి. నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు కంప్యూటర్‌లో ఉంటే ‘క్ష్మి’ కూడా చక్కగా కూర్చుంటుంది. ర్యాగ్ ఉన్నప్పుడు ‘జీజీసేవ్’ చిత్రాలను దాచేటప్పుడు తనంతట తానే దాన్ని వాడుకుంటుంది.

స్ప్రెడ్‌షీట్ నుంచి తెలుగు పట్టికను బయటకు తీసేటప్పుడు మామూలు సీఎస్‌వీ (విలువల మధ్య కామాలు పెట్టి దాచే ఫైలు) కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదాన్ని ఎంచుకోండి. మొదటి రకంలో దాస్తే మన అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడతాయి. ఒకసారి పడ్డాక ఏ ప్యాకేజీ కూడా వాటిని వెనక్కు తీసుకురాలేదు. డేటా లోపల ఎంత తెలుగు ఉన్నా సరే, ఫైళ్ల పేర్లూ ఫోల్డర్ల పేర్లూ మాత్రం ఆంగ్ల అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. భాషాభిమానం కన్నా ఇక్కడ ప్రశాంతత ముఖ్యం.

మొదలవగానే నడిచే ఫైలు

ఆర్ లేచిన వెంటనే ‘డాట్ ఆర్‌ప్రొఫైల్’ అనే ఫైలును వెతికి, అందులో ఏముంటే అది నడుపుతుంది. దాన్ని తెరవడానికి ‘యూజ్‌దిస్’ ప్యాకేజీలో ‘ఎడిట్ ఆర్ ప్రొఫైల్’ అనే ఫంక్షన్ ఉంది. పేరులో మాటల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయి. మొదట్లో చెప్పిన గీతకు అసలైన పరీక్ష ఇక్కడే. ఇందులో పెట్టేవన్నీ మీకు తప్ప ఎవరికీ కనిపించవు.

దీంట్లో నిర్భయంగా పెట్టదగినది క్రాన్ చిరునామా. ప్యాకేజీ ఎక్కించిన ప్రతిసారీ ఏ దేశపు అద్దం (క్రాన్ నకలు ఉండే సర్వరు) నుంచి తేవాలని ఆర్ అడగకుండా, ‘ఆప్షన్స్’లో ‘రెపోస్’కు క్రాన్ క్లౌడ్ చిరునామా ఇస్తే దగ్గరి సర్వరుకు అదే పంపుతుంది. ‘యూజ్‌దిస్’ లాంటి, కన్సోల్‌లో చేత్తో వాడే పనిముట్లను తెరవడం కూడా తప్పు కాదు. కానీ దాన్ని ‘ఇంటరాక్టివ్’ అనే షరతులో పెట్టండి, అప్పుడు మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రమే నడుస్తుంది.

పెట్టకూడని వాటికి మంచి ఉదాహరణ, టైడీవర్స్ గుంపులోని ‘డీప్లైఆర్’ ప్యాకేజీ. రోజూ వాడేదే కదా, తెరిచి ఉంచితే ఏం పోయింది అనిపిస్తుంది. ఆర్‌లో పుట్టుకతోనే ‘ఫిల్టర్’ అనే ఫంక్షన్ ఉంది, అది కాలశ్రేణులను సవరించేది. డీప్లైఆర్‌లోనూ అదే పేరుతో ఉంది, అది పట్టికలో వరుసలను ఎంచేది. మీ ప్రొఫైల్‌లో డీప్లైఆర్ తెరిచి ఉంటే మీ స్క్రిప్టులో ‘ఫిల్టర్’ ఒక అర్థంలో నడుస్తుంది. అదే స్క్రిప్టు అందుకున్నవాళ్ల దగ్గర ఇంకో అర్థంలో నడవబోయి బోర్లా పడుతుంది.

పాతకాపులు ఇంకో ఉదాహరణ చెబుతారు. ఒకప్పుడు ఆర్ పట్టికలో అక్షరాలున్న నిలువు వరుసను అడగకుండానే ‘ఫ్యాక్టర్’గా, అంటే వర్గాల పేర్లుగా, మార్చేసేది. విసుగెత్తినవాళ్లు ‘స్ట్రింగ్స్ యాజ్ ఫ్యాక్టర్స్’ అనే ఆప్షన్‌ను ప్రొఫైల్‌లోనే ఆపేశారు. వాళ్ల స్క్రిప్టులు వాళ్ల దగ్గర బాగా నడిచాయి, బయటికి వెళ్లగానే వేరే జవాబులిచ్చాయి. 2020లో వచ్చిన 4.0.0 ఆ పాత అలవాటునే మార్చేసింది.

‘సైపెన్’ అనే ఆప్షన్ సరిగ్గా గీత మీద నిలబడుతుంది. ఆర్ లక్షను 100000 అని చూపకుండా, ఒకటి పక్కన ‘ఈ’ అక్షరం, ప్లస్, 05 అని ఘాతరూపంలో చూపిస్తుంది. సైపెన్‌కు పెద్ద విలువ ఇస్తే మామూలు అంకెలు వస్తాయి. చూపులో మార్పే కదా అని చాలాకాలం దీన్ని ప్రొఫైల్‌లో ఉంచుకున్నాను. కానీ ‘ఫార్మాట్’ ఫంక్షన్‌తో అంకెను అక్షరాలుగా మార్చినప్పుడు కూడా ఇదే ఆప్షన్ వర్తిస్తుంది. గుర్తింపు సంఖ్యలను అలా అక్షరాలుగా మార్చి రెండు పట్టికలను కలిపితే, ఆప్షన్ ఉన్న కంప్యూటర్‌లో 100000 సంఖ్య దొరుకుతుంది, లేని కంప్యూటర్‌లో దొరకదు. అప్పటి నుంచి సైపెన్ నా స్క్రిప్టు మొదటి వరుసల్లో ఉంటోంది, ప్రొఫైల్‌లో లేదు.

రహస్య సంకేతాలు, సర్వీసుల తాళాలు లాంటివి ఉంటే వాటి చోటు ‘డాట్ ఆర్‌ఎన్విరాన్’ ఫైలు, స్క్రిప్టు కాదు. పేరు, సమాన గుర్తు, విలువ అనే పద్ధతిలో వరుసకు ఒకటి రాసి, చివరి వరుస తర్వాత ఎంటర్ కొట్టి దాచండి. ఆ ఎంటర్ లేకపోతే చివరి వరుసను ఆర్ పట్టించుకోకపోవచ్చు. ఈ ఫైలును ఎవరికీ పంపకండి.

ఒక్కో పనికి ఒక్కో ప్రాజెక్టు

‘ఫైల్’ మెనూలో ‘న్యూ ప్రాజెక్ట్’ ఎంచుకుని, కొత్త ఫోల్డర్‌లో మొదలుపెట్టండి. ఇకమీదట ఆ పనిని ఆ ఫోల్డర్‌లోని ‘డాట్ ఆర్‌ప్రాజ్’ ఫైలును నొక్కి తెరవాలి. అప్పుడు ఆర్ ఆ ఫోల్డర్‌లోనే నిలబడి చూస్తుంది కాబట్టి, ఫైలు ఎక్కడుందో డ్రైవు పేరు నుంచి మొదలుపెట్టి పూర్తి దారి రాయనక్కరలేదు. ‘సెట్‌డబ్ల్యూడీ’తో దారి మార్చే వరుస స్క్రిప్టులో ఉంటే, అది మీ కంప్యూటర్‌లో, మీరు ఫోల్డర్ పేరు మార్చనంత కాలమే పనిచేస్తుంది. ‘హియర్’ ఫంక్షన్‌కు ఫోల్డర్ పేరు, ఫైలు పేరు ఇస్తే ప్రాజెక్టు మూలం నుంచి దారి తనే కట్టిస్తుంది. లోపల మూల డేటాకు ఒక ఫోల్డర్, స్క్రిప్టులకు ఒకటి, ఫలితాలకు ఒకటి ఉంటే చాలు. మూల డేటాను చేత్తో దిద్దకండి. దిద్దవలసింది ఉంటే స్క్రిప్టులో దిద్దండి.

ప్రాజెక్టును క్లౌడ్‌తో తనంతట తాను సరిపోల్చుకునే ఫోల్డర్‌లో పెట్టకపోవడం మేలు, ముఖ్యంగా ఇప్పుడు చెప్పబోయే ఆర్‌ఎన్వ్ వాడుతుంటే. వేల కొద్దీ చిన్న ఫైళ్లను అది పైకీ కిందికీ మోస్తూ ఉంటుంది.

కొన్ని నెలలు నిలవవలసిన పని అయితే కన్సోల్‌లో ఆర్‌ఎన్వ్ ప్యాకేజీ ‘ఇనిట్’ నడపండి. ఆ ప్రాజెక్టుకు విడి లైబ్రరీ ఏర్పడుతుంది. కొత్త ప్యాకేజీ వేసిన తర్వాత ‘స్నాప్‌షాట్’ కొడితే ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో ‘ఆర్‌ఎన్వ్ డాట్ లాక్’ ఫైలులో నమోదవుతుంది. మరో కంప్యూటర్‌లో ‘రీస్టోర్’ కొడితే అవే వెర్షన్లు దిగుతాయి. ఆర్ వెర్షన్ కూడా ఆ ఫైలులో రాసి ఉంటుంది కానీ ఆర్‌ను మాత్రం ఆర్‌ఎన్వ్ ఎక్కించదు, అది మీ పని. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2019లో వచ్చిన 3.6.0లో ‘శాంపుల్’ ఫంక్షన్ యాదృచ్ఛికంగా ఎంచే పద్ధతిలో పాత లోపాన్ని సరిచేశారు. దాంతో, యాదృచ్ఛిక ఎంపిక ప్రతిసారీ ఒకేలా రావడానికి వాడే ‘సెట్ డాట్ సీడ్’కు అదే సంఖ్య ఇచ్చినా, పాత ఆర్‌లోనూ కొత్త ఆర్‌లోనూ వేర్వేరు నమూనాలు రావడం మొదలైంది. స్క్రిప్టులో ఒక్క అక్షరం మారకుండానే ఫలితం మారింది.

ఇంకొక సందర్భంలోనూ ఈ లెక్కంతా పనికొస్తుంది. దోషం వచ్చి ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ‘సెషన్‌ఇన్ఫో’ ఇచ్చే వివరాలను మొత్తంగా జత చేయండి. వెర్షన్, భాషా సెట్టింగ్, తెరిచి ఉన్న ప్యాకేజీలు అన్నీ అందులో ఉంటాయి. తెర ఫొటో తీసి పంపకండి, దాంట్లోని కోడ్‌ను ఎవరూ కాపీ చేసుకోలేరు.

అమరిక కుదిరిందో లేదో చూడటం

ఒక చిన్న స్క్రిప్టు రాయండి: ప్యాకేజీ తెరవడం, పట్టిక చదవడం, సగటు, ఒక గ్రాఫు. దాచండి. ఆర్‌ను తిరిగి మొదలుపెట్టండి. కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే స్క్రిప్టు మొదటి వరుస నుంచి చివరిదాకా నడుస్తుంది. ఎక్కడైనా ఆగిందంటే, ఆగిన వరుసకు కావలసినదేదో మీ మెమరీలోనో ప్రొఫైల్‌లోనో ఉంది, స్క్రిప్టులో లేదు. నేను రోజూ పని ముగించే ముందు ఇది ఒకసారి చేస్తాను. నిమిషం పట్టే పని, మూడు వారాల తర్వాతి వాదన తప్పుతుంది.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు

ఆర్‌కు ఏడాదికొకసారి, సాధారణంగా ఏప్రిల్‌లో, రెండో అంకె మారే పెద్ద కూర్పు వస్తుంది. మధ్యలో మూడో అంకె మారే చిన్న సవరణలు వస్తుంటాయి. చిన్నవాటిని వెంటనే వేసుకోవచ్చు, ప్యాకేజీలు అలాగే ఉంటాయి. రెండో అంకె మారినప్పుడు మాత్రం లైబ్రరీ ఫోల్డర్ కొత్తది తయారవుతుంది, ప్యాకేజీలన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. అవి పాత ఫోల్డర్‌లో భద్రంగానే ఉన్నాయి. వాటిని కొత్తదానిలోకి కాపీ చేసే అడ్డదారి తొక్కకండి. పాత ఆర్‌లో ‘ఇన్‌స్టాల్డ్ డాట్ ప్యాకేజెస్’ ఇచ్చే పేర్ల జాబితాను ఒక ఫైలులో దాచుకుని, కొత్త ఆర్‌లో వాటిని మళ్లీ ఎక్కించండి. ఆ జాబితాను ఒకసారి పైనుంచి కిందికి చూస్తే సగం పేర్లు ఎందుకు వేశామో గుర్తుండదు. వాటిని వదిలేయవచ్చు.

సగంలో ఉన్న పని ఏదైనా ఉంటే అది పూర్తయ్యేదాకా పాత ఆర్‌ను తీసేయకండి. విండోస్‌లో రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉండగలవు. కంట్రోల్ కీ నొక్కిపట్టి ఆర్‌స్టూడియోను తెరిస్తే, ఏ ఆర్‌తో మొదలుపెట్టాలని అదే అడుగుతుంది.